తూకపు గది

బందరులో నీటిబస్సు ఎక్కినవాళ్లు సముద్రపు గోడ దగ్గరికి రాగానే ఒక్కసారి ఎడమవైపు చూస్తారు. కాంక్రీటు కాళ్ల మీద నిలబడ్డ మూడంతస్తుల తెల్ల భవనం కనబడుతుంది. వెంటనే తల కుడివైపు తిప్పేసుకుంటారు. 2071లో కూడా మనవాళ్ల మర్యాద అదే. ఆ భవనం పేరు నిమ్మళం. బతుకు మీద విరక్తి పుట్టిన పిల్లల్ని, తిండీ నిద్రా మానేసిన పిల్లల్ని, భయంతో గది దాటి రాలేని పిల్లల్ని అక్కడికి తీసుకొస్తారు. తీసుకొచ్చినవాళ్లు చుట్టాలకి మాత్రం ఇంకేదో ఊరు పేరు చెబుతారు.

పూర్ణచంద్ తన కూతురు హైదరాబాదులో రోబోటిక్స్ క్యాంపుకి వెళ్లిందని చెప్పాడు. ఎంత నమ్మకంగా చెప్పాడంటే, వాళ్ల పెద్దక్క తన మనవణ్ణి కూడా చేర్పిస్తానని క్యాంపువాళ్ల నంబరు అడిగింది. ఆయన సముద్రపు గోడ మీద పంపులు చూసే ఇంజినీరు. నీరు ఎక్కడ కారుతోందో చప్పుడు వినే చెప్పగలడని పేరు. పదిహేనేళ్ల కూతురు మిథిల మాత్రం ఏ క్యాంపులోనూ లేదు. నిమ్మళం రెండో అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని ఊపిరి ఎలా తియ్యాలో, ఎలా వదలాలో ప్రాక్టీసు చేస్తోంది. అదంతా ఒక తలుపు తెరిపించడానికి.

ఆ తలుపు సంగతి చెప్పాలి. వైద్యానికి అప్పట్లో లోటేమీ లేదు. పిల్లల మెదడుకు సరిపడేలా మోతాదు కట్టిన మందులున్నాయి. రోజూ ఎదురుగా కూర్చుని మాట వినే మనుషులున్నారు, ఇంటికే వచ్చి చూసే బృందాలున్నాయి, ఏ వేళ ఫోన్ చేసినా పలికే గొంతులున్నాయి. ఇందులో చాలావరకు మన తాతల కాలం నుంచీ ఉన్నవే, కాస్త పదునెక్కాయంతే. ఎవరికీ తేలని ప్రశ్న ఒకటే మిగిలింది. పిల్లని ఇంటికి ఎప్పుడు పంపాలి? ఎలా ఉన్నావమ్మా అంటే బానే ఉన్నానంటుంది. ఆ ప్రశ్నకి మన దగ్గర ఉన్న జవాబే అదొక్కటి. నూట మూడు జ్వరంతో మూలుగుతున్నవాడు కూడా ఫోన్ తియ్యగానే బానే ఉన్నానంటాడు.

ఆ ప్రశ్నకి యంత్రం కట్టినావిడ డాక్టర్ రాజ్యశ్రీ. యంత్రం పేరు నిజతూకం. నిమ్మళం నుంచి వీధిలోకి వెళ్లే దారిలో లిఫ్టంత గది, అందులో ఒక బల్ల. వార్డువైపు ఒక తలుపు, వీధివైపు గాజు తలుపు. గోడల్లో ఉన్న సెన్సర్లు గుండె నడకనీ, చర్మం మీది తేమనీ, ఒత్తిడికి ఊరి ఊపిరిలో కలిసే కార్టిసాల్‌నీ, మెదడు అలల్నీ ముట్టుకోకుండానే చదువుతాయి. ఒక పళ్లెంలో మనిషి నోటితో చెప్పిన మాట, రెండో పళ్లెంలో ఒళ్లు చెబుతున్న మాట. రెండూ సరితూగితే పచ్చదీపం వెలిగి వీధి తలుపు తెరుచుకుంటుంది. తూగకపోతే పసుపు దీపం, ఇక వెనక్కి వార్డులోకే దారి. అప్పుడు గది ఎంతో తియ్యగా, "ఇంకాసేపు ఉందామా?" అని అడుగుతుంది. ఆ తీపి వింటేనే పిల్లలకి ఒళ్లు మండుతుంది.

రాజ్యశ్రీ పెట్టిన నిబంధనలూ గట్టివే. యంత్రం కాదన్నాక డాక్టరు అవుననడానికి వీల్లేదు. మనిషైతే జాలిపడి మోసపోతాడని ఆవిడ వాదన. ఒకరి వెనక ఒకరు జారుకోకుండా, గదిలోకి ఎంతమంది వస్తే అంతమందీ తూగాలి. సిబ్బంది తిరగడానికి వెనక తలుపు ఉంది, ఆనిస్తే ఏ తలుపైనా తెరిచే తాళంబిళ్లలు ఉన్నాయి. పిల్లలు వాటిని కొట్టేస్తున్నారని తెలిశాక, పసుపు దీపం చూసిన మనిషికి ఏ తాళంబిళ్లా పనిచెయ్యకుండా కట్టుదిట్టం చేసింది.

ఇంత జరిగాక మనవాళ్లు ఊరుకుంటారా? ఏడాది తిరక్కుండా బందరులో తలుపు కోచింగ్ వెలిసింది. నాలుక పైదవడకి ఆనించాలి, ఏదైనా మంచి రోజు తలుచుకోవాలి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ, చివరి అక్షరం దగ్గర గొంతు పడిపోకుండా 'బానే ఉన్నాను' అనాలి. పూర్ణచంద్ కూతుర్ని అందులో చేర్పించాడు. ఆ పాఠాలు ముందు తను వినేవాడు, తర్వాత సందర్శకుల హాల్లో కూతురి ఎదురుగా కూర్చుని చేసి చూపించేవాడు. చూసేవాళ్లకి అదేదో ఇంటర్వ్యూకి తయారుచేస్తున్నట్టుండేది.

మిథిల ఎప్పుడు వెళ్లినా పసుపు దీపమే. తనతోపాటు చేరినవాళ్లు వెళ్లిపోయారు, తన తర్వాత చేరినవాళ్లూ వెళ్లిపోయారు. నిజానికి ఆ పిల్లకి చాలావరకు నయమైంది. ఇక బతకాలని లేదని స్నేహితురాలితో అన్న రోజుకీ ఇవాళ్టికీ ఎంతో తేడా ఉంది. మందులు ఒంటికి పడ్డాయి, నిద్ర పడుతోంది, పప్పులో ఉప్పు తక్కువైందని గొడవ కూడా పెట్టుకుంటోంది. ఇప్పుడు పట్టుకున్న దిగులు కొత్తది. ఆ గదిలో అడుగుపెడితే చాలు, అరచేతులు చెమట పట్టేవి. చెమట పడితే తూకం తప్పుతుందన్న భయానికి ఇంకాస్త పట్టేవి. ఈ ఆదివారానికల్లా తలుపు తెరుచుకోకపోతే కర్నూలు అవతల ఉన్న దీర్ఘకాల కేంద్రానికి పంపెయ్యాలి. అదీ రాజ్యశ్రీ పెట్టిన నిబంధనే. అక్కడికి వెళ్తే తను మళ్లీ మొదటికొస్తానని మిథిలకి తెలుసు, రాజ్యశ్రీకీ లోలోపల తెలుసు.

యంత్రంలో లోపముందేమోనని రాజ్యశ్రీ దాన్ని నిమ్మళం ఇంజినీరు కరీముల్లా చేత విప్పించి పరీక్ష చేయించింది. ఆయన అంతా చూసి, యంత్రానికి ఏమీ కాలేదని చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం మిథిల ఆ గది వార్డు తలుపు ముందు నేల మీద కూర్చుండిపోయింది. నర్సులు బతిమాలారు. వీధి గాజుకి అవతల పూర్ణచంద్ నిలబడి, లెమ్మని చేత్తో సైగలు చేస్తున్నాడు. రాజ్యశ్రీ వచ్చి పక్కనే చతికిలబడింది.

"నేను లోపలికి రాను మేడమ్," అంది మిథిల. "అది అడుగుతుంటే నాకు ఊపిరాడట్లేదు. కర్నూలే పంపించండి."

రాజ్యశ్రీ లేచి చెయ్యిచ్చి, నీతోపాటు నేనూ వస్తాను, చెయ్యి పట్టుకునే ఉంటానంది. గదిలో ఉన్నవాళ్లందర్నీ అడుగుతుందని పక్కనే నిలబడ్డ కరీముల్లా గుర్తుచేశాడు.

"అడగనివ్వండి. నాకేంటి?" అంది ఆవిడ. తాళంబిళ్ల తీసి కరీముల్లాకిచ్చి లోపలికి నడిచింది. ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ వెనక తలుపు నుంచే తిరిగింది. తను కట్టిన గదిలో తను నిలబడటం అదే మొదలు.

వార్డు తలుపు మూసుకుంది. గది ముందు పెద్దావిణ్ణే పలకరించింది. ఎలా ఉన్నారని అడిగితే, బానే ఉన్నానని రాజ్యశ్రీ చిరునవ్వుతో చెప్పింది. పసుపు దీపం వెలిగింది.

"ఇంకాసేపు ఉందామా?"

ఆవిడ నవ్వేసి మళ్లీ అదే చెప్పింది. మళ్లీ పసుపు. కొంచెం అలసటగా ఉంది, అంతేనంది. పసుపు. రాత్రులు సరిగా నిద్ర పట్టట్లేదు, మిగతాదంతా మామూలేనంది. పసుపు. గాజుకి అవతల జనం పోగయ్యారు. బయటి స్పీకర్లో ప్రతి మాటా వాళ్లకి వినబడుతోంది. కరీముల్లా వెనక తలుపు నుంచి బయటికొచ్చి వీధి తలుపుకి తాళంబిళ్ల ఆనించి చూశాడు, పనిచెయ్యలేదు. పనిచెయ్యకుండా చేసిన మనిషి లోపలే ఉంది. రాజ్యశ్రీ మెడ మీద చెమట దిగింది. గోడలు దగ్గరికి జరిగినట్టు అనిపించింది. ఇన్నాళ్లూ పిల్లలు చెప్పింది ఇదేనా అనుకుంది.

మిథిల ఆవిణ్ణే చూస్తోంది. అరచేతుల సంగతి మర్చిపోయింది.

"మేడమ్, ఇది మనం బాగున్నామా అని చూస్తుందా, నిజం చెబుతున్నామా అని చూస్తుందా?"

రాజ్యశ్రీ అలవాటుగా పాఠం అప్పజెప్పింది. బాగోగులు కొలవడం యంత్రానికి చేతకాదని, మాటకీ ఒంటికీ తేడా ఉందా లేదా అన్నదే చూస్తుందని చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఈ గదిలోకి వచ్చిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ చెప్పింది ఆ ఒక్క జవాబే. కోచింగువాళ్లు నేర్పిందీ అదే. కట్టిన తనకి కూడా ఇంకో జవాబు ఉంటుందని తట్టలేదు.

మిథిల గోడకేసి తిరిగింది. ఊపిరి లెక్కపెట్టలేదు.

"నాకు బాలేదు," అంది. "వచ్చినప్పుడున్నంత కాదు, కానీ బాలేదు. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. మా ఇంట్లో అమ్మ మాటే ఎత్తం. నాన్న రాత్రుళ్లు హాల్లో లైటార్పి కూర్చుంటాడు. అడిగితే బానే ఉన్నానంటాడు. అందుకే నేనూ అలాగే అనడం నేర్చుకున్నా. ఆ ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉంది. అయినా వెళ్లాలనుంది. మళ్లీ అలా అనిపిస్తే దాచను, నాన్నకి చెప్తా. నాన్న వినకపోతే ఇక్కడికి ఫోన్ చేస్తా."

పచ్చదీపం వెలిగింది. బయట ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. తలుపు మాత్రం కదల్లేదు, గదిలో ఇంకో మనిషి తూగాలి కదా. బాలేదని నోరు విప్పి చెప్పగలిగి, ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలిసిన పిల్లని నిశ్చింతగా ఇంటికి పంపొచ్చని రాజ్యశ్రీకి ఆ క్షణాన అర్థమైంది. ఇప్పుడు ఆ పిల్లకి అడ్డం తనే.

ఆవిడ బల్ల మీద కూలబడింది. అందరూ వింటున్నారని తెలుసు. సిబ్బంది వింటున్నారు, పిల్లల తల్లిదండ్రులు వింటున్నారు. రాజ్యశ్రీగారంటే కొండంత ధైర్యమని పదిమందిలో చెప్పుకునేవాళ్లంతా అక్కడే ఉన్నారు. మిథిల వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పట్టుకుంటానని లోపలికి తీసుకొచ్చింది ఆవిడే, మధ్యలో ఎప్పుడు వదిలేసిందో ఆవిడకే తెలియదు.

"ప్రణవి అని ఒక పిల్ల ఉండేది," అంది చివరికి. "బానే ఉన్నాను మేడమ్ అంటే నమ్మి నేనే ఇంటికి పంపాను. నాలుగు రోజులకి ఇక లేదని తెలిసింది. అందరూ నా తప్పు లేదన్నారు, నేనూ లేదనే అన్నాను. ఆ తర్వాత ఏ పిల్లని పంపాలన్నా నా చేతులు వణికేవి. నిజతూకం పిల్లల కోసం కట్టానని చెప్పుకున్నాను. కాదు. పంపే పని నా చేతుల్లోంచి పోవాలని కట్టాను. నాకు బాలేదమ్మా. చాన్నాళ్లుగా బాలేదు."

మళ్లీ పచ్చదీపం వెలిగింది. వీధి తలుపు జరిగి, ఉప్పుగాలి గదిలోకి కొట్టింది. రాజ్యశ్రీ కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. కరీముల్లా చేతిలోని తాళంబిళ్లని జేబులో వేసుకుని, ముందు ఈ తాళంబిళ్ల నిబంధన తీసెయ్యాలి మేడమ్ అన్నాడు. ఆవిడ తలూపింది.

మిథిల గడప వైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగు వెయ్యనివ్వలేదు పూర్ణచంద్. ఆగలేక తనే లోపలికి దూసుకొచ్చి కూతుర్ని గట్టిగా కావలించుకున్నాడు. కొత్త మనిషి వచ్చాడని గదికి తెలిసిపోయింది. అతని వెనక గాజు తలుపు మెల్లగా మూసుకుంది.

"నమస్తే. ఎలా ఉన్నారు?" అంది గది.

పూర్ణచంద్ కూతుర్ని వదిలి, కళ్లు తుడుచుకుని, చొక్కా కాలరు సర్దుకున్నాడు. నాలుక పైదవడకి ఆనించాడు. ఏదో మంచి రోజు తలుచుకున్నాడు కాబోలు, పెదవుల మీదికి నవ్వొచ్చింది. నెమ్మదిగా ఊపిరి వదులుతూ, చివరి అక్షరం దగ్గర గొంతు పడిపోకుండా చెప్పాడు.

"బానే ఉన్నానండీ."

పసుపు దీపం వెలిగింది. అతను తలుపు వైపు చూశాడు, డాక్టరు వైపు చూశాడు. యంత్రంలో ఏదో లోపముందని, తను నిజంగా బానే ఉన్నానని, డ్యూటీకి టైమవుతోందని గబగబా చెప్పాడు. దీపం రంగు మారలేదు. రాజ్యశ్రీ ఏదో అనబోతే మిథిల వద్దన్నట్టు చెయ్యెత్తింది. తండ్రి చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్లింది.

"కూర్చో నాన్నా," అంది. "అమ్మ గురించి మాట్లాడదాం."

అతను కూర్చున్నాడు. మిథిల అతని భుజానికి తలానించింది.

"ఇంకాసేపు ఉందామా?" అని అడిగింది గది.

"ఉందాం," అంది మిథిల.