చిట్టి సంతకం, నాన్న వేలు

ఆ పొద్దున టైలరు గారి చేతిలో కత్తెర నిలవడం లేదు. సాయంత్రం కూతురు చిట్టికి తను పనిచేసే కంప్యూటరు ప్రాజెక్టులో పెద్దరికం ఇస్తున్నారు. ఆ సంగతి వీధి చివర ఇస్త్రీ బండి దాకా ఎప్పుడో పాకిపోయింది. పాకించింది ఎవరని అడగక్కర్లేదు.

"ఇకనుంచి మా చిట్టి సంతకం లేనిదే ఆసుపత్రుల్లో సెలైను మెషీన్లకి కొత్త ప్రోగ్రాము ఎక్కదు, తెలుసా?" అన్నాడు, కొలతలివ్వడానికొచ్చిన ఆయన ఛాతీ చుట్టూ టేపు బిగిస్తూ. పాపం ఆయన ఊపిరి బిగబట్టి మరీ వినాల్సి వచ్చింది.

"మీ డప్పు ఆపి ముందు కొలత రాసుకోండి," అంది లోపల కాజాలు కుడుతున్న భార్య.

"నా కూతురి డప్పు నేను కాక ఇంకెవరు కొడతారే?"

గొప్పకి కాస్త పెంచినా ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. మందు చుక్కలు ఎంత వేగంగా పడాలో లెక్కగట్టే ఆ ప్రోగ్రామును ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాస్తున్నారు. అందులోకి ఎవరైనా మార్పు పంపొచ్చు. పంపేటప్పుడు ఎవరి పేరైనా తగిలించుకోవచ్చు కూడా. అందుకే వాళ్ళు పేరుని నమ్మరు, సంతకాన్నే నమ్ముతారు. చిట్టి కంప్యూటరుకి గుచ్చి ఉండే వేలెడంత కీ ఆ సంతకం కోసమే. తను చదివి సరే అనుకున్న మార్పుని సంతకానికి పెడితే కీ మీద చిన్న దీపం మినుకుమంటుంది. వేలితో తాకితే సంతకం పడి, మార్పు నేరుగా ప్రాజెక్టులోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం చెల్లదు.

ఇంటర్నెట్ తీగ అంతవరకే వచ్చింది కాబట్టి చిట్టి బల్ల ముందుగదిలో, నాన్న గుడ్డలు కత్తిరించే బల్ల పక్కనే ఉంటుంది. ఆ దీపం వెలగడం, కూతురు తాకడం ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. "నా ఎర్రకుట్టు లాంటిదన్నమాట," అని ఒకసారి మురిసిపోయాడు కూడా. ఆయన కుట్టిన ప్రతి చొక్కా కాలరు లోపల ఎర్రదారంతో ఒక చిన్న కుట్టు ఉంటుంది. అది ఆయన గుర్తు.

కొలతలిచ్చినాయన వెళ్ళాక చిట్టి ఒక మార్పుని సంతకానికి పెట్టింది. దీపం వెలిగింది. వేలు చాపబోతుంటే ఫోను మోగింది. ప్రాజెక్టులో తోటి అమ్మాయి. మాట సరిగ్గా వినబడక చిట్టి వరండాలోకి పరిగెత్తింది. ఇక్కడ దీపం మినుకుమంటూనే ఉంది.

ఈ ఇంట్లో సంతకమంటే దగ్గరున్నవాళ్ళు పెట్టేది. అమ్మ పేరున పార్సిలొస్తే నాన్న పెడతాడు, నాన్న పేరున వస్తే చిట్టి పెడుతుంది. ఆ అలవాటుతోనే టైలరు గారు 'పాపం, పిల్ల ఫోన్లో ఉంది కదా' అనుకుని, వేలికున్న సుద్ద తుడుచుకుని మరీ దీపాన్ని తాకాడు. అది ఆరిపోయింది. ఘనకార్యం చేసినవాడిలా మళ్ళీ కత్తెర అందుకున్నాడు.

చిట్టి గుండె మీద చెయ్యేసుకుని లోపలికొచ్చింది. "బతికిపోయాం నాన్నా! పసిపిల్లల మోతాదు దగ్గర లెక్క తప్పుతోందట. నా కంట పడనే లేదు. ఇంకొక్క క్షణమైతే తాకేసేదాన్ని."

"నేను తాకేశాలే," అన్నాడు నాన్న, మెచ్చుకుంటుందని.

చిట్టి ముఖం పాలిపోయింది. "ఎవరు తాకమన్నారు నిన్ను?"

"నువ్వు రోజూ తాకేదేగా!"

"నేను చదివి తాకుతాను నాన్నా! నా సంతకం చూసి మిగతావాళ్ళు ధైర్యంగా ఉంటారు. సాయంత్రానికి ఇది మెషీన్లకి వెళ్ళిపోయేది!"

గబగబా ఆ మార్పుని వెనక్కి తీసేసింది. నాన్న ఊపిరి పీల్చుకున్నాడు.

"తీసేశావుగా, ఇంకేంటి?"

"అందరికీ రాయాలి, ఆ సంతకం నాది కాదని. వేరే చెయ్యి పడ్డ కీ మా దగ్గర పనికిరాదు, రద్దు చెయ్యాలి. ఆ పైన పెద్దరికం ఇస్తారో, మానేస్తారో."

"మతిపోయిందా నీకు? పొరపాటున పంపాను, తీసేశాను అంటే పోయేదానికి! నేను తాకానని ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు."

"వీధంతా చెప్పుకున్నానే! రేపు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"నీ ముఖం కోసం నేను అబద్ధం రాయాలా?"

"ఓహో! అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇప్పుడు వేరే చెయ్యి అయిపోయిందన్నమాట!"

చిట్టికి ఏడుపు తన్నుకొచ్చింది. లోపలినుంచి అంతా వింటున్న అమ్మ సూది చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"మీకు జ్వరమొచ్చినప్పుడు చొక్కాలన్నీ నేనే పూర్తిచేశాను, గుర్తుందా?"

"ఇప్పుడదెందుకు?"

"ఎర్రకుట్టు మాత్రం వెయ్యనివ్వలేదు. మూలుగుతూ లేచొచ్చి, ఒక్కొక్కటీ తిరగేసి చూసి, ఒకటి నా చేత విప్పించి మరీ మీరే వేశారు. నాది వేరే చెయ్యా అని నేను అడిగానా?"

టైలరు గారు బల్ల మీది చొక్కా కాలరు తిరగేసి ఎర్రకుట్టుని వేలితో తడిమాడు. తలెత్తేసరికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"రాయి తల్లీ. మా నాన్న తెలివితక్కువగా వేలు పెట్టాడని రాయి. ఉన్నదున్నట్టు రాయి."

చిట్టి రాసింది. కీ రద్దు చేసింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. చివరికి ప్రాజెక్టు మొదలుపెట్టిన పెద్దావిడ జవాబు వచ్చింది. చిట్టి పైకి చదివింది.

"నీ సంతకాల్లో నీది కానిదేదో నువ్వే చెప్పావు. ఇక మిగతావన్నీ నమ్మడానికి మాకు భయం లేదు. సాయంత్రం కొత్త కీతో వచ్చి పెద్దరికం తీసుకో. మీ నాన్నగారిని కూడా చూపించు."

చిట్టి ఆ వేలెడంత పరికరంలోనే కొత్త కీ తయారుచేసి, దాని గుర్తు సంఖ్యని అందరికీ పంపింది. సాయంత్రం తెర నిండా ముఖాలు. చిట్టి తన కొత్త కీ గుర్తు సంఖ్యని పైకి చదువుతుంటే, అందరూ తమ దగ్గరున్నదానితో సరిచూసుకుని తలలూపారు. వెనక ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ టైలరు గారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వాళ్ళందరికంటే ఎక్కువ ఊపాడు.

మర్నాడు చిట్టి ఒక మార్పుని సంతకానికి పెట్టగానే అమ్మ పిలిస్తే వంటింట్లోకి వెళ్ళింది. ఇక్కడ దీపం వెలిగింది. ఎవరికో భుజం కొలుస్తున్న టైలరు గారు టేపు వదిలేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గట్టిగా కేకేశాడు.

"చిట్టీ! నీ దీపం వెలుగుతోందమ్మా!"

"పక్కనే ఉన్నారుగా, అదేదో మీరే నొక్కెయ్యకూడదా?" అన్నాడు కొలతలిస్తున్నాయన.

టైలరు గారు నిటారుగా నిలబడ్డాడు.

"అది మా చిట్టి సంతకమండీ. కన్నతండ్రిని, నేను కూడా పెట్టకూడదు."