పేరు రాసి లోపలికి వెళ్లండి

కిరీటికి మనుషులంటే చులకన. గురుగ్రామ్‌లో ఇరవయ్యో అంతస్తులో ఫ్లాటు, ఆఫీసులో పన్నెండు మంది మీద అజమాయిషీ. అంత ఎత్తులో కూర్చున్నవాడికి కిందివాళ్లు చీమల్లా కనబడడంలో వింతేముంది! అందరికంటే లోకువ చెల్లెలి మొగుడు శరత్. సైన్యంలో చిన్న హోదా, ఢిల్లీ కంటోన్మెంటులో నాయక్. "ముప్ఫై ఏళ్లొచ్చినా ఎవడో విజిలేస్తే పరిగెత్తే రకం" అని నలుగురిలో నవ్వేవాడు. శరత్ మాత్రం ఎప్పుడు కనబడ్డా "రండి బావగారూ" అంటూ ఎదురొచ్చేవాడు. ఆ మర్యాద చూస్తే కిరీటికి ఇంకా ఒళ్లు మండేది.

ఆదివారం వస్తే కిరీటికి జియోకేషింగ్ పిచ్చి. ఎవరో ఎక్కడో చిన్న డబ్బా దాచి, ఆ చోటు గుర్తులు ఫోన్ యాప్‌లో పెడతారు. వెతికి పట్టినవాడు డబ్బాలోని కాగితం మీద పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టాలి. ఆట అంతే. పిల్లాపాపలతో వచ్చి వెతుక్కునేవాళ్లంటే అతనికి అసహ్యం. ఎవరికీ దొరకనిదే తనకు కావాలి. ఫరూఖ్‌నగర్ దాటాక ఒక పల్లెలో, పాత చర్చి వెనక దాచిన డబ్బా తొమ్మిదేళ్లుగా ఎవరికీ దొరకలేదట. జనవరిలో ఒక ఆదివారం అక్కడికి బయల్దేరాడు.

మూడున్నరకే పొగమంచు దిగింది. ఆవచేలు, రోడ్డు, చర్చి గోపురం ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. గేటు దగ్గర కంబళి కప్పుకున్న ముసలి చౌకీదారు, అతని ముందు స్టూలు మీద రిజిస్టరు.

"పేరు రాసి లోపలికి వెళ్లండి, సాబ్" అన్నాడు హిందీలో.

గేట్ల దగ్గర నిజం పేరు రాయడం కిరీటికి నామోషీ. ఎక్కడ అడిగినా శరత్ అని గీకడం అతని సరదా. ఇక్కడా అదే గీకాడు.

"మీ పేరేనా, సాబ్?"

"కాకపోతే నీ పేరు రాస్తానా? తప్పుకో."

చర్చి వెనక గోడలో, కిటికీ కింద ఒక ఇటుక కదిలింది. దాని వెనకే డబ్బా! తొమ్మిదేళ్ల చవటలందరినీ తలుచుకుని గర్వంగా నవ్వుకున్నాడు. మూత తీశాడు. లోపల కాగితం లేదు. రాయించుకోవాల్సింది గేటు దగ్గరే రాయించుకున్నారని ఆ తెలివైన బుర్రకి తట్టలేదు.

అప్పుడే ఆర్పిన కొవ్వొత్తుల వాసన వేసింది. తలెత్తి కిటికీలోంచి చూశాడు. లోపల బెంచీల నిండా జనం. అందరివీ వీపులే. ఒక్కరూ దగ్గడం లేదు... ఒక్కరూ కదలడం లేదు.

చివరి వరసలో మిలిటరీ స్వెట్టరు. పొట్టిగా కత్తిరించిన జుట్టు. చేతిలో టీ గ్లాసు... ఇంకా ఆవిరి వస్తోంది.

ఆ తల మెల్లగా తిరిగింది.

"బావగారూ..." శరత్ గొణిగాడు. "నన్నెందుకు పిలిచారు?"

కిరీటి గేటు దాకా పరిగెత్తాడు. చౌకీదారు పెన్ను చాపాడు.

"లోపలికి వచ్చింది శరత్ కదా, సాబ్. ఆయన్ని పంపాలంటే ఇంకో పేరు కావాలి. ఎవరిదైనా సరే."

జేబులో ఫోన్ మోగింది. చెల్లెలు కల్పన. ఎనిమిదో నెల మనిషి, ఊపిరందకుండా మాట్లాడుతోంది.

"అన్నయ్యా, ఆయన కనబడట్లేదు... ఇక్కడే కూచుని టీ తాగుతున్నారు. ఇటు తిరిగి చూసేసరికి లేరు. తలుపు గడియ వేసినట్టే ఉంది! నాకేదో భయంగా ఉంది..."

ఒక్క పేరు రాస్తే అయిపోయేది. కానీ రాస్తే నమ్మినట్టేగా! ఒక సిపాయి కోసం, ఒక ముసలాడి మాట విని, తను?

"కూరలకి పోయుంటాడు. ఇలాంటి చాదస్తాలు నేను నమ్మను. ఏడవకు" అని ఫోన్ పెట్టేశాడు. పెన్ను మట్టిలోకి విసిరి కారు వైపు నడిచాడు. సిగ్గులేని మనిషి, వెనక్కి తిరిగైనా చూడలేదు.

నలభై అడుగుల దూరం. ఎంత నడిచినా కారు రాలేదు. మంచులో ఎక్కడో దాని లైట్లు మిణుకుమంటున్నాయి.

మళ్లీ ఫోన్.

"వచ్చేశారన్నయ్యా!" కల్పన ఏడుస్తూ నవ్వుతోంది. "ఎవరో ముసలాయన కంబళి కప్పుకుని గుమ్మంలోకొచ్చాడు. ఒక పేరు రాస్తే ఆయన్ని పంపిస్తానన్నాడు. రాశాను. మరుక్షణం ఆయన కుర్చీలో ఉన్నారు!"

"ఎవరి... ఎవరి పేరు రాశావ్?"



"నువ్వు ఇలాంటివి నమ్మవు కదా, అన్నయ్యా..."

ఫోన్ చల్లబడింది. ఎదురుగా కారు. గబుక్కున తలుపు మీద చెయ్యి వేశాడు.

చేతికి తగిలింది ఇనుము కాదు. చెక్క... అరిగి నున్నబడిన బెంచీ చెక్క.

కొవ్వొత్తుల వాసన.

పక్కనున్నాయన తల తిప్పకుండానే కాస్త జరిగి చోటిచ్చాడు. ఆ చోటు ఇంకా వెచ్చగానే ఉంది.