మూరెడు కరివేప

కుంభగిరి రాజ్యంలో తిండికి రుచి పోయి ఆరు నెలలైంది. పాయసం తిన్నా మట్టే, పులుసు తాగినా మట్టే. కాలదంష్ట్రుడనే రాక్షసుడు పెట్టిన శాపమది. మొదట్లో జనం కళ్ళు మూసుకుని మింగారు. తర్వాత మింగడం కూడా మానేశారు. బక్కచిక్కిన మహారాజు సింహాసనం మీద నిలవలేక పక్కకు ఒరిగిపోయేవాడు.

రాజుగారి వంటశాల వెనుక పేరిందేవి అనే అమ్మాయి తన తల్లితో కలిసి కరివేప, మరువం, వాము పెంచేది. మట్టి కుండీలో మూరెడుకు మించనీయకుండా, కొమ్మలు వంచి పీచుతాడుతో కట్టి, చివుళ్ళు గిల్లి, ముసలి చెట్ల ఆకారం తెప్పించడం వాళ్ళ విద్య. ఇప్పుడా తల్లి మంచం పట్టింది. పది రోజులుగా గుక్కెడు గంజి తప్ప ఏమీ ముట్టలేదు.

"రాక్షసుడి కొండకు నేను వెళ్తాను" అని పేరిందేవి సభలో అడిగింది. మంత్రులు ఆమెను కూరలో కరివేపాకులా తీసిపారేశారు. అంతకుముందు వాళ్ళు పంపిన ముగ్గురు వీరులూ తిరిగి రానేలేదు! ఆమె కత్తెర, పీచుతాడు మూటగట్టుకుని ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది.

దారిలోని అడవిలో ఒక ముని కనిపించాడు.

"వెనక్కి పో తల్లీ, లాభం లేదు. నేను కూడా ఓడిపోయి ఇక్కడ కూర్చున్నవాడినే" అన్నాడు.

"వెనక్కి వెళ్ళి మా అమ్మ చావు చూడమంటారా స్వామీ?" అందామె. ముని లేచి దారి చూపించాడు.

అడవి దాటగానే ఏరు అడ్డం వచ్చింది. అందులోని మొసలి, "నీకు గుర్తున్న రుచి ఒకటి ఇస్తే దాటిస్తాను" అంది. జ్ఞాపకాలు తప్ప ఇంకేమీ మిగలని రోజులవి. పేరిందేవి ఏడుస్తూనే సీతాఫలం రుచి ఇచ్చేసింది. ఆ తర్వాత ఎంత తలచుకున్నా అది ఆమెకు గుర్తు రాలేదు.

కొండ గుహ ముందు మూడు మట్టికుండీలున్నాయి. ఒకదానికి మీసాలు కూడా ఉన్నాయి. వాటి మధ్య, ఓ పాత కుండీలో ఎండుముఖం పట్టిన కరివేప చెట్టును ఒళ్ళో పెట్టుకుని కాలదంష్ట్రుడు కూర్చున్నాడు.

"మా అమ్మ నాటిన చెట్టిది. ఆమె పోయాక ఒక్క ఆకైనా తుంచలేదు, కాకిని కూడా వాలనివ్వలేదు. అయినా చచ్చిపోతోంది. నా నోట రుచి చచ్చింది. మీ ఊరి తిరగమోత వాసన వస్తే ఓర్వలేక శపించాను" అని గర్జించాడు. "దీన్ని చిగురింపజేస్తే శాపం తీసేస్తాను. లేదంటే నువ్వు నాలుగో కుండీవి!"

పేరిందేవి చెట్టును మట్టితో సహా పైకి తీసి చూసింది. వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఒకదాన్నొకటి పిసికేస్తున్నాయి. వాటిని సగానికి కోసేసింది. ఉన్న ఆకులన్నీ దూసేసి, కొత్త మట్టి పోసి మళ్ళీ కుండీలో నాటింది. రాక్షసుడు గుండెలు బాదుకున్నాడు.

"చంపేశావే పాపిష్ఠిదానా!"

"తుంచకపోవడమే నీ తప్పయ్యా. కుండీలో చెట్టుకు కోత పడితేనే కొత్త చివురు" అందామె.

మూడు రోజులు గడిచాయి. వారం గడిచింది. ఎండుపుల్ల ఎండుపుల్లలాగే ఉంది. రాక్షసుడు రోజూ గోళ్ళు నూరుకునేవాడు. అమ్మ ఈపాటికి పోయి ఉంటుందని పేరిందేవికి నమ్మకం కుదిరిపోయింది. ఇంక బతికి ఎవరికోసమని ఆమె కూడా అన్నం ముట్టడం మానేసింది. అయినా అలవాటుకొద్దీ చెట్టుకు మాత్రం నీళ్ళు చిలకరించింది.

పదమూడో రోజు పొద్దున కాండం మీద ఆవగింజంత పచ్చన పొటమరించింది. మరో మూడు రోజులకు అది ఆకైంది. ఆ లేతాకును ఆమే తుంచి రాక్షసుడి నోట్లో పెట్టింది. వాడు నమిలి, చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. శాపం వదిలింది. కుండీలు మనుషులయ్యాయి. చెట్టును ఇక నువ్వే పెంచమని రాక్షసుడు ఆమెకు అప్పగిస్తే, దాన్ని మోస్తానని ఆ మీసాల వీరుడే ముందుకొచ్చాడు.

కుంభగిరిలో పొయ్యిలు మళ్ళీ వెలిగాయి. రాజు అర్ధరాజ్యం ఇస్తానని పిలుస్తున్నా వినకుండా పేరిందేవి ఇంటికి పరుగెత్తింది. తల్లికి కళ్ళు తెరిచే ఓపిక కూడా లేదు. కాస్త చారు కాచి, చెంచాడు ఆమె పెదాల మధ్య పోసింది. చాలాసేపటికి గుటక పడింది.

తల్లి మొహం చిట్లించింది.

"ఉప్పెయ్యడం మరిచావటే, చప్పిడి మొహమా?"