సత్యం కాలు, స్టెల్లా నూనె

శనివారం మధ్యాహ్నం మూడింటికి స్టెల్లా పెడల్ తొక్కింది. పెడల్ "కీచ్" అంది. డ్రమ్ ఏమీ అనలేదు.

మళ్లీ తొక్కింది. ఈసారి ముందు కీచుమంది. తర్వాత తీరిగ్గా "డమ్" అంది.

అది అంబాజీపేట శివారులోని చిన్న చర్చి. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వచ్చి మూడు నెలలయింది. అమలాపురంలో ఎవరో వాడి వదిలేసినవి. చేతులతో కొట్టే రబ్బరు ప్యాడ్లు బాగానే ఉన్నాయి. తంటా అంతా కాలితో తొక్కే పెడల్‌తోనే. దాన్ని తొక్కగానే చిన్న సుత్తి ఒకటి వెళ్లి ప్యాడ్‌ని కొట్టాలి, వెంటనే వెనక్కి రావాలి. ఈ సుత్తి మాత్రం అలిగిన అల్లుడిలా బతిమాలితే గాని కదిలేది కాదు.

పాటలు నేర్పించే ప్రేమ్ కుమార్ మాస్టారు అందరికీ ముందే చెప్పారు. మైకులు రిపేరు చేసే నాగసతీష్ అమలాపురం నుంచి వస్తాడు, అప్పటిదాకా ఎవరూ పెడల్ జోలికి వెళ్లొద్దని. నాగసతీష్ "రేపొస్తానండి" అని మూడు వారాలయింది.

స్టెల్లా ఏడో తరగతి. ఆగడం అనే పాఠం ఇంకా తన సిలబస్‌లో రాలేదు.

వాళ్లింట్లో తలుపు కిర్రుమంటే కొబ్బరి నూనె. మోకాలు గీరుకుంటే కొబ్బరి నూనె. మార్కులు తగ్గినా సరే, వాళ్లమ్మ రూతు ముందు తలకి ఇంత నూనె పెట్టి, ఆ తర్వాతే తిట్టేది. అందుకని పెడల్‌కి ఏం వెయ్యాలో స్టెల్లా ఎవర్నీ అడగలేదు. పక్కనే ఉన్న తమ ఇంటికెళ్లి సీసా పట్టుకొచ్చింది. కీలుకి, గొలుసుకి, స్ప్రింగుకి ధారాళంగా పోసింది.

పది నిమిషాల తర్వాత తొక్కితే పెడల్ తీరే మారిపోయింది. కాలు దిగడం, డమ్ అనడం ఒక్కసారే. రెండుసార్లు తొక్కితే రెండు, నాలుగుసార్లు తొక్కితే నాలుగు. అప్పుడే వచ్చిన మాస్టారు విని, పెడల్‌కి దానంతటదే బుద్ధొచ్చినట్టుందే అన్నారు. స్టెల్లా చెబుదామనుకుంది. ముట్టుకోవద్దన్న మాట గుర్తొచ్చి ఊరుకుంది. నూనె చేతులు గౌనుకి తుడుచుకుంది.

అది డిసెంబరు మొదటి వారం.

ఆ చర్చిలో డ్రమ్స్ వాయించేవాళ్లు ఇద్దరు. ఆదివారం మధ్యాహ్నం సండే స్కూలుకి స్టెల్లా, పొద్దున్న ఆరింటి ఆరాధనకి సత్యం. ఇద్దరిదీ ఒకటే క్లాసు. క్రిస్మస్ రోజు తెల్లవారుజామున వాయించాల్సింది కూడా సత్యమే. వాళ్ల నాయనమ్మ వీరమ్మ ఆ సంగతి వీధి వీధంతా చెప్పేసింది. కొబ్బరికాయలు ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరుకి తెలుగు రాకపోతే, సైగలు చేసి మరీ చెప్పింది.

మర్నాడు ఆరింటికి సత్యం పెడల్ తొక్కాడు. డమ్ రాలేదు. గట్టిగా తొక్కాడు. పాట ఒకచోట ఉంటే డమ్ ఇంకోచోట పడింది. ముందు వరసలోని వాళ్లు చప్పట్లు ఆపి అటు చూశారు.

అదే రోజు మధ్యాహ్నం స్టెల్లా వాయిస్తే చక్కగా పలికింది. తర్వాతి ఆదివారమూ అంతే.

"పెడల్ బానే ఉందిరా. నీ కాలే ఇంకా నిద్ర లేవట్లేదు," అంది స్టెల్లా.

పిల్లలందరూ నవ్వారు. ఆ వారమంతా బడిలో సత్యం పేరు 'నిద్రకాలు'.

సత్యం ఇంట్లో పీట ముందు పెట్టుకుని కాలితో తొక్కుతూ ప్రాక్టీసు చేశాడు. వీరమ్మ రోజూ మనవడి కాలికి కొబ్బరి నూనె రాసి పట్టేది.

మూడో ఆదివారం కూడా పాట తప్పింది. మాస్టారు సత్యాన్ని పక్కకి పిలిచారు. కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకుని మళ్లీ తీశారు.

"ఈసారి క్రిస్మస్‌కి స్టెల్లా వాయిస్తుందిరా. మనసులో ఏం పెట్టుకోకు," అన్నారు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు సత్యం.

చేతిలోని స్టిక్స్ తెచ్చి స్టెల్లాకి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆమె మొహం వైపు చూడలేదు. స్టెల్లాకి సంతోషం వేసింది గానీ, తను అనుకున్నంత వెయ్యలేదు.

పండక్కి రెండు రోజుల ముందు తెల్లవారి ఐదున్నరకి ప్రాక్టీసు పెట్టారు. బయట మంచు. మాస్టారు చెవులకి మఫ్లర్ చుట్టుకొచ్చారు. స్టెల్లా దర్జాగా కూర్చుని పెడల్ తొక్కింది.

కాలు బెల్లం పాకంలో దిగినట్టు దిగింది. డమ్ రాలేదు. మళ్లీ తొక్కింది. ఈలోగా పాట రెండు లైన్లు ముందుకెళ్లిపోయింది.

"నిద్రకాళ్లు రెండయ్యేయి," అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. పాడేవాళ్లలో నిలబడ్డ సత్యం ఒక్కడూ నవ్వలేదు.

మాస్టారు టీ కోసం కాసేపు ఆపారు. స్టెల్లా ఏడుపు దిగమింగుకుంటూ ఇంటికి పరుగెత్తింది. పెరట్లో రూతు నూనె సీసాని వేడినీళ్ల గిన్నెలో పెడుతోంది.

"ఉండవే, నీకు జడ వేద్దామంటే నూనె పేరుకుపోయింది. చలికాలం పొద్దున్న ఇంతే. కాస్త ఎండెక్కితే అదే కరుగుద్ది," అంది.

స్టెల్లా సీసా తీసి వంచి చూసింది. నూనె తెల్లగా వెన్నలా గడ్డ కట్టింది. చుక్క కూడా కదల్లేదు.

సీసా అక్కడే పెట్టి చర్చికి పరుగెత్తింది. పెడల్ తిరగేసింది. కీలు సందులో, గొలుసు కొక్కేల మధ్య అదే తెల్లటి నూనె. మధ్యాహ్నం తను కూర్చునేసరికి కరిగి ఉండేది. పొద్దున్నే సత్యం కూర్చునేసరికి గడ్డ కట్టి ఉండేది. మూడు వారాలుగా సత్యం కుస్తీ పట్టింది దీనితో.

గుడ్డతో తుడిచేస్తే చాలు. ఎవరికీ తెలియదు. పండగ రోజు తనే వాయించొచ్చు. స్టెల్లా గౌను అంచు చేతిలోకి తీసుకుని, ఆగి, వదిలేసింది. పెడల్ పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"మాస్టారండీ, సత్యం కాలు మంచిదేనండి. పెడల్‌కి నేను కొబ్బరి నూనె పోసేనండి. మీరు ముట్టుకోవద్దన్నాకే పోసేను."

మాస్టారు ఆ తెల్లటి ముద్దని వేలితో తీసి వాసన చూశారు. "ఎంత పోసేవే?" అని అడిగారు.

"సీసా అండి."

మాస్టారు తల పట్టుకున్నారు. స్టెల్లా సత్యం వైపు తిరిగింది.

"పోసేనని ఆ రోజే చెప్పుంటే నీకు ఇలా అయ్యేది కాదురా. పైగా నేనే పేరు పెట్టేను."

సత్యం ఆ తెల్లటి నూనెని గోటితో గీకి చూశాడు.

"మా నాయనమ్మ మూడు వారాల్నించి నా కాలు పడుతోంది," అన్నాడు.

"ఏ నూనెతో?"

"కొబ్బరి నూనెతోనే."

ముందు సత్యమే నవ్వాడు.

మాస్టారు ఫోన్ చేస్తే నాగసతీష్ ఆ రోజు ఎందుకో ఎత్తాడు. అంతా విని, అది జడ కాదు, పెడల్ అని గుర్తు చేశాడు. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, కుట్టుమిషన్ నూనె రెండే చుక్కలు వెయ్యమన్నాడు. స్ప్రింగు మర మాత్రం వాయించేవాళ్ల కాలిని బట్టి తిప్పుకోవాలన్నాడు. కుట్టుమిషన్ నూనె రూతు మిషన్ సొరుగులోనే ఉంది. ఈసారి స్టెల్లా అడిగి తెచ్చింది.

ఇద్దరూ కూర్చుని గొలుసు లింకు లింకూ తుడిచారు. తర్వాత సత్యాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి స్టెల్లా కింద కూర్చుంది.

"తొక్కు. ఎలా ఉంది?"

"బిగుతుగా ఉంది."

మర కొంచెం వదులు చేసింది. "ఇప్పుడు?"

"నీకు బానే ఉంటే చాలే."

"నా కాలు కాదురా, నీది చెప్పు. వాయించేది నువ్వు."

సత్యం మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కళ్లజోడు ఒక్కసారే తుడుచుకుని, తలూపారు.

పండగ రోజు అందరికంటే ముందు చర్చికి వచ్చింది స్టెల్లా. ఆ చలిలోనే కూర్చుని పెడల్ నాలుగుసార్లు తొక్కి చూసింది. నాలుగు డమ్‌లు పలికాయి. అప్పుడు లేచి, స్టిక్స్ సత్యం చేతిలో పెట్టి, వెళ్లి వీరమ్మ పక్కన కూర్చుంది.

పాట మొదలైంది. డమ్ ఎక్కడ పడాలో అక్కడే పడింది. వీరమ్మ మెల్లగా స్టెల్లా వైపు వంగింది.

"చూసేవా అమ్మా. రోజూ నూనె రాసి పట్టేను. అంతా ఆ నూనె మహిమే."

స్టెల్లా పెదవి కొరుక్కుంది.

"నూనెదేముందండి, నాయనమ్మగారూ. కాలు మంచిది," అంది.