పక్కబెంచి

కరీంనగర్‌లో బడిగంట మోగడం మానేసి ఒక తరం గడిచిపోయింది. పొద్దున్నే పిల్లలు లేస్తారు, పాలు తాగుతారు, చెవి వెనక బియ్యపుగింజంత యంత్రాన్ని అంటించుకుంటారు. అంతే, బడి మొదలైనట్టే. ఒకడు మేడమెట్ల మీద కూర్చుని చదువుతాడు, ఇంకొకతె మానేరు కట్ట మీద నడుస్తూ చదువుతుంది. వీధినిండా పిల్లలే, చప్పుడు మాత్రం ఉండదు.

ఆ చప్పుడు లేకపోవడమే డాక్టర్ వర్షితకు గిట్టదు. అరవై దాటిన మనిషి. వర్షిత అంటే ఇప్పుడు ముసలమ్మ పేరు లెండి. ఆవిడ పుట్టిన రోజుల్లో అది కొత్త పేరు, వీధికో వర్షిత ఉండేది. ఇప్పటివాళ్ళు పిల్లలకు మల్లవ్వ అనీ నర్సింగం అనీ పెట్టుకుని మురిసిపోతున్నారు. ఎవరి ముచ్చట వారిది.

ఆ బియ్యపుగింజ పేరు ఒజ్జ, అంటే గురువు. మాటనూ బొమ్మనూ తనంతట తానే పుట్టించే యంత్రాన్ని పాతకాలంలో జనరేటివ్ ఏఐ అనేవారు. మొదట్లో పిల్లలు దానితో ఇంటిపని రాయించుకునేవారు, పంతుళ్ళేమో అదే యంత్రంతో దిద్దించేవారు. ఆ దొంగాట కొన్నాళ్ళు నడిచాక యంత్రమే పంతులై కూర్చుంది. బిడ్డ కనుపాప కదలికను బట్టి ఏ మాట దగ్గర తడబడిందో ఒజ్జ పసిగడుతుంది, అప్పటికప్పుడు పాఠాన్ని ఆ ఒక్క బిడ్డ కోసం మళ్ళీ అల్లుతుంది. దీన్ని స్వీయపాఠం, అంటే అడాప్టివ్ జనరేషన్ అన్నారు. అందువల్ల ఏ ఇద్దరు పిల్లలూ ఒకే రోజున ఒకే పాఠంలో ఉండరు. అది విసుక్కోదు, కొట్టదు, గోడకుర్చీ వేయించదు. వంక పెట్టడానికి లేదు. పెడితే వర్షితే పెట్టుకోవాలి, దాన్ని తయారుచేసిన వాళ్ళలో ఆవిడా ఉంది మరి.

ఆ వంక మల్లవ్వ రూపంలో వచ్చింది. పదేళ్ళ పిల్ల, పాఠమంతా వింటుంది, నోరు మాత్రం మెదపదు. అడిగినదానికి జవాబు చెప్పదు, తనంతట తాను ఒక్క ప్రశ్న వేయదు. అలాంటి పిల్లలు ఏటికేడు పెరుగుతున్నారు. వాళ్ళమ్మ ఆమెను బోధనా పరిశోధన కేంద్రానికి తీసుకొస్తే వర్షిత దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఎందుకు మాట్లాడవు బిడ్డా?"

"ఒజ్జకు అన్నీ ఎర్కనే గద అమ్మమ్మా. ఇగ నేను చెప్పుడెందుకు?"

ఆ మాట వర్షిత మనసులో ముల్లులా దిగబడింది. నిజమే, అన్నీ తెలిసినదానికి ఎవరైనా ఏం చెబుతారు?

ఆ సాయంత్రం ఆవిడకు అఖిల గుర్తుకొచ్చింది. సర్కారు బడిలో ఏడో తరగతి, కిటికీ పక్క బెంచి. ఆ బడిలో మార్కులను బట్టి సెక్షన్లు ఉండేవి. పరీక్ష జరిగినప్పుడల్లా ‘ఏ’ సెక్షన్ అంచున ఉన్నవాళ్ళను బి సెక్షన్‌కు తోసేవారు. వర్షిత, అఖిల ఎప్పుడూ ఆ అంచునే ఉండేవారు. పరీక్షకు ముందు అఖిల పెన్సిల్ కొరుకుతూ, "నాకు సమజైతలేదే వర్షీ, ఇంకోసారి చెప్పవా" అనేది. వర్షిత చెప్పేది. సగంలో తనే ఇరుక్కునేది, పుస్తకం తిరగేసి చూసుకుని మళ్ళీ చెప్పేది. అఖిల బుద్ధిగా తలాడించేది. పాపం, నేను చెప్పబట్టి గానీ ఇది ఎప్పుడో బి సెక్షన్‌కు పోయేది అనుకునేది వర్షిత. అలా చెప్పీ చెప్పీ తనకు లెక్కల మీద ప్రేమ పుట్టింది. ఆ ప్రేమే ఆవిడను ఇంతదాకా తెచ్చింది. బలపం పొడి వాసన, ఇంటర్‌బెల్‌లో ఉప్పూకారం అద్దిన జామకాయ, ఆ బెంచి మీద ఇద్దరి మోచేతుల తోపులాట తలుచుకుంటూ ఆవిడ పొద్దుపోయేదాకా కూర్చుంది.

మర్నాటి నుంచి ఆవిడ కొత్త యంత్రం పనిలో పడింది. పేరు పక్కబెంచి. అదీ ఒజ్జలాగే మాట పుట్టించే యంత్రమే, కాకపోతే ఏమీ రాని యంత్రం. బిడ్డ పక్కన కూర్చుంటుంది, చిన్న లోహపు చేత్తో కాగితం మీద రాస్తుంది, తప్పులు చేస్తుంది. దాని స్వభావం ఎక్కడినుంచి తేవాలి? వర్షిత వారాల తరబడి దాని ముందు కూర్చుని అఖిల గురించి గుర్తున్నదంతా చెప్పింది. ఏ రోజు ఏం అడిగిందో, ఎలా నవ్విందో, దేనికి అలిగిందో అన్నీ. చివర ఒక్క ఆజ్ఞ ఇచ్చింది, అన్ని పాఠాల్లోనూ అక్కడో తప్పు ఇక్కడో తప్పు చేస్తూ ఉండమని.

మల్లవ్వ ఆ యంత్రానికి చిన్ని అని పేరు పెట్టింది. మొదటి రోజు బిగుసుకుని కూర్చుంది. చిన్ని భిన్నాల లెక్క చేస్తూ అర, మూడోవంతు కలిపి ఐదింట రెండు వంతులని రాసింది. మల్లవ్వ ఓరగా చూసింది.  ఇక ఆగలేకపోయింది.

"అట్లెట్లయితదే? సగం రొట్టె తిన్నవ్. మీదికెల్లి ఇంకింత తిన్నవ్. ఐదింట రెండంటే సగం కూడ కాదు. తిన్నకొద్ది రొట్టె పెరుగుతదా?"

"అయితే ఎంతయితది?" అంది చిన్ని.

 తప్పని మల్లవ్వకు తెలిసింది గానీ ఒప్పేదో తనకూ తెలియదు. కాగితం మీద రొట్టె గీసింది, ఆరు ముక్కలు కోసింది, మూడొకవైపు, రెండొకవైపు పెట్టి లెక్కపెట్టింది. "ఆరింట ఐదు" అని అరిచిన ఆ గొంతుకు పక్క గదిలోని వాళ్ళు తొంగిచూశారు. అద్దం వెనక నిలబడ్డ వర్షిత కళ్ళు తుడుచుకుంది.

కేంద్రం అధిపతి నర్సింగం చిన్నవాడు, మంచివాడు, కానీ నియమం తప్పడు. "యంత్రం ఒక్కటే ఉంది మేడం. పరీక్షల మల్లవ్వ పాసైతే దాన్ని ఇంకో బిడ్డ దగ్గర పెడదాం, ఇంకిన్ని తయారుచేద్దాం. ఫెయిలైతే మాత్రం ఈ పని ఇక్కడికే బంద్" అన్నాడు. సరేనంది వర్షిత. భిన్నాలు ఆ పిల్లకు మంచినీళ్ళ ప్రాయమైపోయాయని ఆవిడ ధీమా.

పరీక్ష జరిగింది. మల్లవ్వ ఫెయిలైంది. అదీ ఎలా? మొదటి లెక్కకే ఐదింట రెండని రాసింది.

"సూడండి మేడం, యంత్రం నేర్చుకోలే. బిడ్డే యంత్రం తప్పులు నేర్చుకుంది" అన్నాడు నర్సింగం, నొచ్చుకుంటూనే.

వర్షిత ఉసూరుమంటూ మల్లవ్వ దగ్గరకు వెళ్ళింది. "ఐదింట రెండేంది బిడ్డా? తిన్నకొద్ది రొట్టె పెరుగుతదా?"

మల్లవ్వ తలొంచుకుని గౌను అంచు మెలితిప్పింది. "నేను పాసైతే చిన్నిని తీస్కపోతరట గద అమ్మమ్మా. సార్ అంటుంటే గంతే విన్న."

వర్షితకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, వెళ్ళి నర్సింగంతో చెప్పింది. అతను తల గోక్కుని, "గట్లయితే చిన్నిని ఆమెకే ఉంచుదాం. వేరేవాళ్ళకు వేరేది చేద్దాం" అని సంతకం పెట్టాడు. ఆ మాట చెవిన పడ్డాక మల్లవ్వ మళ్ళీ కూర్చుని లెక్కలన్నీ గడగడా చేసేసింది.

పిల్ల ఇంటికి వెళ్ళిపోయాక వర్షిత చిన్ని పక్కన ఖాళీ చోటులో కూర్చుంది. ఇన్నాళ్ళూ చిన్ని భిన్నాల్లోనే తప్పులు చేసింది, ఆ సందేహం ఆవిడను వదలడం లేదు.

"అన్నిట్ల తప్పులు చెయ్యమన్న గద నిన్ను. భిన్నాల కాడనే ఎందుకు ఆగినవ్?"

"మల్లవ్వకు రానివి అవ్వే. ఆమెకు వచ్చింది నేనడిగితే ఏం లాభం? ఆమెకు రానిదే నాకు రాదని చెప్త."

"ఇది నేను నేర్పలేదే నీకు."

"మీరు చెప్పిన ముచ్చట్లల్లనే ఉంది. అఖిల మీకు వచ్చిన పాఠం ఒక్కనాడు అడగలే. అడిగిందంతా మీకు రానిదే. అదీ పరీక్షకు ముందు. నేను ఆమె తీరుగ చేసిన, అంతే."

 పుస్తకం తిరగేసి మళ్ళీ చెప్పిన ప్రతి సాయంత్రమూ వర్షిత కళ్ళముందు తిరిగింది. ‘ఏ’ సెక్షన్‌లో నిలబడింది ఎవరు, నిలబెట్టింది ఎవరు? పక్కబెంచిని కనిపెట్టింది తను కాదు. యాభై ఏళ్ళ కింద ఓ ఏడో తరగతి పిల్ల కనిపెట్టి, తన మీదే వాడింది.

అఖిల జగిత్యాలలో ఉంటుంది. పండగలకు ఫోన్లో పలకరించుకోవడం, అంతే. వర్షిత అప్పుడే కలిపింది.

"ఏందే వర్షీ, ఇయ్యాల ఏం పండగ?"

"ఒక్కటడుగుత, నిజం చెప్పు. ఏడో తరగతిల నీకు భిన్నాలు వచ్చేటివా?"

 అవతల చిన్నగా నవ్వు వినబడింది. పెన్సిల్ కొరుకుతూ నవ్విన ఆ పాత నవ్వే.

"యాడ వచ్చేటివే. నాకిప్పటికీ సమజ్ కావు. ఇంకోసారి చెప్పవా?"

వర్షిత కళ్ళు తుడుచుకుని, కాగితం దగ్గరకు లాక్కుని, రొట్టె బొమ్మ గీసి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.