లవంగాల మాస్టారి ఐదో నాళం

2072 నాటికి విజయనగరంలో పంటినొప్పితో మనిషి దగ్గరికి వెళ్లేవాళ్లు దాదాపు లేరు. టీకొట్ల పక్కనే దంతశాలలు వెలిశాయి. నోరు తెరిచి కూర్చుంటే యంత్రమే చూస్తుంది, తవ్వుతుంది, నింపుతుంది. తనకు అంతుపట్టని పన్నయితే పీకేసి, డాక్టర్ నీలవేణి ల్యాబుకు పంపుతుంది.

ఆ ల్యాబులో మూలదర్శిని ఉంది. పంటి వేరులో నరం నడిచే సన్నని దారిని నాళం అంటారు. కొందరిలో అది చీలిపోతుంది, మెలి తిరుగుతుంది, ఎవరూ ఊహించని మూల దాక్కుంటుంది. పాత ఎక్స్‌రేలకు అలాంటివి చిక్కేవి కావు. మూలదర్శిని పంటిని గదంత చేసి వెలుగులో నిలబెడుతుంది. డాక్టరు ఆ వేళ్ల మధ్య నడిచి చూడవచ్చు. ఇంకో పని కూడా చేస్తుంది. బతికున్న నరం తన చుట్టూ పొరలు పొరలుగా దంతధాతువును పేర్చుకుంటుంది. చెట్టు వలయాలను లెక్కపెట్టినట్టు ఆ పొరలను లెక్కపెట్టి, గాయం ఏనాటిదో చెబుతుంది.

ఆ ఉదయం జగ్గారావు మాస్టారు వచ్చారు. ఎనభై ఒక్క ఏళ్లు. డెంటల్ కాలేజీలో నీలవేణికి చదువు చెప్పినవారు. బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది కాబట్టి పిల్లలందరికీ ఆయన లవంగాల మాస్టారు. ఇప్పుడూ మనిషికన్నా ముందు ఆ వాసనే గుమ్మం దాటింది.

“వీధిలో మిషను పన్ను పీకెయ్యమంటోంది. నువ్వోసారి చూడమ్మా.”

“మీ పన్నెవరు పీకుతారు మాస్టారూ? అది నా పన్ను.”

ఆ మాట నిజమే. మొదటిసారి బతికున్న మనిషికి రూట్ కెనాల్ చేసే విద్యార్థి కోసం, పన్ను పుచ్చిన మాస్టారెవరో ఒకరు కుర్చీలో కూర్చోవడం ఆ కాలేజీ ఆచారం. నీలవేణికి దక్కింది జగ్గారావు పై దవడ పన్ను. ఎక్స్‌రేలో మూడు నాళాలే కనిపిస్తే, ఆమె సూదిమొనతో తడుముతూ నాలుగోది పట్టుకుంది. “నీ వేళ్లకి కళ్లున్నాయమ్మా” అన్నారాయన. ఆమెకు తన మీద ఉన్న నమ్మకమంతా ఆ ఒక్క మాట మీద కట్టుకున్నదే. కష్టమైన పన్ను ఎదురైన ప్రతిసారీ దాన్నే తలచుకునేది.

మూలదర్శిని మాస్టారి నోట్లోకి ఒకసారి చూడగానే గదిలో పన్ను వెలిగింది. ఇద్దరూ దాని వేళ్ల మధ్య నిలబడ్డారు. నాలుగు నాళాలు నిండుగా, తెల్లగా ఉన్నాయి. లోపలి వేరు వెనక, దారంలా, ఐదోది.

“ఐదో నాళం. ఎవరూ తాకలేదు,” అంది మూలదర్శిని. “నరం కొంత సజీవం. తనను కాపాడుకుంటూ పొరలు కట్టింది. మొదలు, 2041 నవంబరు.”

ఆమె తొలి కేసు ఆ నెలలోనే. నీలవేణి మాస్టారి వైపు తిరిగింది.

“నొప్పి ఎప్పట్నించి?”

“ఆ సాయంత్రం నించే. చల్లనివి మానేస్తే పెద్దగా ఏటుండదు.”

“అందుకా, మేం ఐస్‌క్రీమ్ తెస్తే ఇష్టం లేదనేవారు.”

“చాలా ఇష్టం,” అన్నారు మాస్టారు.

“మరి లవంగం?”

ఆయన బుగ్గలోని లవంగాన్ని నాలుకతో రెండో వైపుకి జరుపుకున్నారు.

“ఇంకెవరిచేతైనా చేయించుకోవచ్చు కదా మాస్టారూ.”

“ఊళ్లో డాక్టర్లందరూ మన పిల్లలే. సాయంత్రానికి నీకు తెలిసిపోదేటి? అప్పుడు నీకు ఇరవై మూడేళ్లు. తెలిస్తే మళ్లీ సూది పట్టేదానివి కాదు. నాకు తెలుసు.”

“అంటే, నా వేళ్లకి కళ్లున్నాయన్నది…”

“అప్పటికి లేవు. తరవాత వచ్చేయి.”

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపానికి నిలబడే చోటు దొరకలేదు. ముప్పై ఏళ్లుగా తాను నిలబడ్డ చోటే ఆయన అబద్ధం.

“మరి ఇప్పుడెందుకు వచ్చారు?”

“పీకిన పన్ను నీ దగ్గరికే వస్తుంది కదా. నేను పక్కన లేకుండా నువ్వొక్కదానివే ఇది చూడ్డం బాగోదనిపించింది.”

మూలదర్శిని అడిగింది: “ఐదో నాళాన్ని నేను శుభ్రం చేయనా? పదకొండు నిమిషాలు.”

“దాన్ని పక్కనుండమను,” అన్నారు మాస్టారు, కుర్చీలో వెనక్కి వాలుతూ. “నువ్వే చేసీ.”

ఆమెకు రెండు గంటలు పట్టింది. తలచుకోవడానికి ఈసారి ఆ పాత మాట లేదు. నోరు తెరిచి, కళ్లు మూసుకుని, ఏమాత్రం భయం లేకుండా పడుకున్న ఆ ముసలి ముఖాన్నే చూస్తూ పని చేసింది.

“ఐదూ నిండాయి,” అని యంత్రం ధ్రువపరిచింది. “నమోదు కోసం ఒక ప్రశ్న. ఈ నాళం ఇంతకాలం ఎందుకు దొరకలేదు?”

“చేసినదాని అనుభవలేమి,” అందామె. “పేరు నీలవేణి. రాసుకో.”

మాస్టారు చెంప తడుముకుంటూ లేచారు. జేబులోంచి చిన్న డబ్బా తీసి లవంగం బుగ్గన పెట్టుకున్నారు.

“నొప్పి పోయింది కదా మాస్టారూ. ఇంకా ఎందుకది?”

“మొదట నొప్పికే పెట్టుకున్నాను,” అన్నారాయన గుమ్మం వైపు నడుస్తూ. “ఆ వారంలోనే నువ్వొకసారి, మీరొస్తుంటే వాసన బాగుంటుంది మాస్టారూ, అన్నావు.”