ఒకటి మాటకి, ఒకటి మేతకి

ఆ డబ్బా అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, అంతే. దాన్ని డాక్ అంటారు. ఫోనుకో కంప్యూటరుకో దాన్ని తగిలించి, దానికి హెడ్‌ఫోన్ తగిలించుకుంటే మామూలుగా వినబడని సన్నటి చప్పుళ్లు కూడా చెవి పక్కనే జరిగినట్టు వినబడతాయి. సొంత బ్యాటరీ ఉండదు దానికి. ఎవరికి తగిలిస్తే వాళ్ల కరెంటు తాగి బతుకుతుంది. అంచున రెండు కన్నాలు పక్కపక్కనే ఉంటాయి, రెండూ ఒకే తీరు. ఒకటి ఫోను నుంచి మాట లోపలికి రావడానికి. రెండో దాంట్లో ఛార్జర్ పెడితే పాపం ఫోనుని పీల్చకుండా గోడలోంచి తాగుతుంది.

కత్తెర ఆ రెండింటినీ ఎప్పుడూ తారుమారు చేసేవాడు. పెళ్లాం చేత ఎప్పుడూ చీవాట్లు తినేవాడు.

"ఒకటి మాటకి, ఒకటి మేతకి. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కదేమండీ మీకు?" అనేది ఆవిడ.

కత్తెర అతని అసలు పేరు కాదు లెండి. పనిని బట్టి వచ్చిన పేరు. ఆవిడ కథల పుస్తకాలు చదివి రికార్డు చేసేది. అలమరలో బట్టలు తీసేసి, చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, అందులో స్టూలేసుకుని కూచునేది. ఆవిడ చదివినదాన్ని ఇతను కంప్యూటర్లో శుభ్రం చేసేవాడు. దగ్గు వస్తే కోత. పేజీ తిప్పిన చప్పుడైతే కోత. మాట తడబడితే కోత. ఆ పనిలో అతన్ని తలదన్నేవాడు లేడని చెప్పుకునేవాళ్లు.

చదవబోయే ముందు ఆవిడకి ఒక అలవాటు. గోటితో చెక్క మీద టక్, టక్ అని రెండుసార్లు కొట్టి, "ఏవండీ, ఆ ఫ్యాను ఆపండి" అనేది. ప్రతి రికార్డింగూ అలాగే మొదలయ్యేది. ప్రతిసారీ కత్తెర మొట్టమొదట కోసేది ఆ ముక్కే. కోసి చెత్తలో వేసేవాడు. చెత్త ఖాళీ చేసేవాడు. పనిమంతుడు మరి!

తర్వాత ఆవిడ పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

ఇల్లంతా ఆవిడ గొంతే, కంప్యూటరు నిండా. గంటలకి గంటలు. కానీ అందులో ఒక్క మాటా ఆవిడది కాదు. రాణుల మాటలు, దొంగల మాటలు, ఎవరెవరివో. తనని పిలిచిన పిలుపు ఒక్కటీ లేదు. వెతికాడు. పాత పెట్టెలన్నీ, పాత డిస్కులన్నీ. ఎక్కడుంటుంది? అన్నీ తన చేత్తోనే కోశాడు.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి 'ఏవండీ' అని వినబడితే చాలు, ఆ తర్వాత ఏమైపోయినా ఫర్వాలేదు అనుకున్నాడు. అలా అనుకోకూడదు. తథాస్తు దేవతలుంటారని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

పక్క గదిలో అతని తల్లి ఉండేది. మధ్యలో తలుపు లేదు, తెర ఒక్కటే. ఆవిడ గుండె సరిగ్గా కొట్టుకోవట్లేదని డాక్టర్లు ఛాతీలో చిన్న యంత్రం పెట్టారు. బ్యాటరీది. "నాకూ నీ ఫోనుకీ తేడా ఏముందిరా? ఇద్దరం ఛార్జింగు మీద బతికేవాళ్లమే" అని నవ్వేది ముసలావిడ. కోడలు పోయాక ఆ హాస్యం కూడా తగ్గిపోయింది. కొడుకు అన్నం మానేసి హెడ్‌ఫోన్లో తలదూర్చి కూచుంటే చూడలేక, "నాన్నా, పోయినవాళ్లని పోనివ్వరా" అనేది. అతనికి వినబడేది కాదు.

ఒకనాడు పొద్దుటినుంచీ ముసురు. మధ్యాహ్నం కరెంటు పోయింది. బీరువా వెనక పడిన భార్య చేతిసంచి అప్పుడే కంటపడింది. అందులో ఆవిడ ఫోను. ఆపేసి ఉండబట్టి అడుగున కాస్త ఛార్జింగు మిగిలుంది.

తెరిచి చూస్తే అందులో ఒక రికార్డింగు. జ్వరం వచ్చిన రోజుది. ఎవరూ కోయనిది.

 కత్తెర ముందు దాన్ని బ్యాటరీ మీద నడుస్తున్న కంప్యూటర్లోకి ఎక్కించాడు. డాక్ తగిలించాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

టక్. టక్.

 తర్వాత ఊపిరి తీసుకున్న చప్పుడు. దుప్పటి రాసుకున్న చప్పుడు. గొంతు సవరించుకుంది. "ఏ..."

కంప్యూటరు ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది.

"అయ్యో! అయ్యో, అయ్యో!" అని బల్ల మీద గుద్దాడు. ఏడుపొచ్చింది. నోటి దాకా వచ్చిన ముద్ద కింద పడిపోయినట్టయింది.

ఇక మిగిలింది ఆవిడ ఫోనే. డాక్‌ని దానికి పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. తీగ అటుదిటు, ఇటుదటు తిప్పి పెట్టాడు. డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. ఫోను అడిగింది: 'కరెంటు ఎవరు ఇవ్వాలి? ఈ ఫోనా? తగిలించిన పరికరమా?'

'ఈ ఫోను' అని నొక్కాడు.

టక్. టక్. ఊపిరి. దుప్పటి. గొంతు సవరింపు.

"...చాలట్లేదు."

ఆవిడ గొంతే. రహస్యం చెబుతున్నట్టు, సన్నగా.

"ఏం చాలట్లేదే?" అన్నాడు కత్తెర. అనేశాక తనకే వింతగా అనిపించింది. రికార్డింగుని ఎవరైనా ప్రశ్న అడుగుతారా?

"మేత" అంది.

గదిలో చీకటి పడుతోంది. వాన చప్పుడు తప్ప వీధిలో ఇంకే చప్పుడూ లేదు. ఫోన్లో అంకె చూస్తుండగానే దిగిపోతోంది. ఎనిమిది... ఆరు... నాలుగు...

"రెండో కన్నం ఖాళీగా ఉందండీ..."

"కరెంటు లేదు కదే! మధ్యాహ్నం పోయింది. ఏం పెట్టను?"

"ఏదో ఒకటి... పోతున్నాను... తొందరగా..."

"పోకు! పోకే, నీకు దండం పెడతాను, ఉండు!"

బల్ల కింది డబ్బాలో చెయ్యి పెట్టి పొడుగాటి తీగ ఒకటి లాగాడు. అలమర దాకా అందాలని ఆవిడే కొన్నది. ఒక కొస డాక్‌లో గుచ్చాడు. మొదటిసారిగా, తప్పు లేకుండా, మేత కన్నంలోనే. రెండో కొస జారి నేల మీద పడింది. దాన్ని దేనికి పెట్టాలా అని చీకట్లో తడుముకుంటున్నాడు. ఇంతలో ఫోను మళ్లీ అడిగింది: 'కరెంటు ఎవరు ఇవ్వాలి?'

ఆలోచించలేదు. 'తగిలించిన పరికరం' అని నొక్కేశాడు.

ఫోను మీద వచ్చింది: 'ఛార్జ్ అవుతోంది.'

అంకె పెరిగింది. ఐదు. తొమ్మిది. పద్నాలుగు. కత్తెర పిచ్చివాడిలా నవ్వాడు. చెవుల్లో ఆవిడ ఊపిరి నిండుగా, వెచ్చగా అయింది. ఎదురుగా కూచున్నట్టే ఉంది. ఆవిడ వాడే సబ్బు వాసన కూడా వచ్చింది. దాని వెనకాలే ఇంకో వాసన... వెంట్రుక కాలినట్టు.

"ఒరేయ్... నాన్నా..."

అది హెడ్‌ఫోన్లోది కాదు. పక్క గదిలోది. అమ్మ.

"ఒక్క నిమిషమమ్మా!"

"నాన్నా... చలేస్తోందిరా..."

"వస్తున్నానన్నాను కదా!" అని విసుక్కున్నాడు. ఇటు చెవిలో ఆవిడ పెదవులు విప్పింది. "ఏ... ఏవ..."

అమ్మ మళ్లీ పిలవలేదు.

అప్పుడు తట్టింది అతనికి. కరెంటు లేదు. తీగ రెండో కొస దేనికీ పెట్టలేదు. మరి ఫోను దేన్నించి నిండుతోంది?

నేల మీదికి చూశాడు. తీగ వదులుగా పడి లేదు. బట్టలారేసే తాడులా బిగిసి ఉంది. బల్ల మీంచి నేలకి, నేల మీంచి తెర కిందికి... అమ్మ గదిలోకి.

"ఎక్కడ పెట్టావే?" అన్నాడు. 

"అత్తయ్యగారి దగ్గర ఉందిగా" అందావిడ, ఎంతో మామూలుగా. "కొంచెమే."

చెయ్యి తీగ మీద వేశాడు. లాగేస్తే పోతుంది. లాగేస్తే ఆ పిలుపు ఇక ఈ జన్మలో లేదు. ఇంకొక్క అక్షరం... ఒక్కటే... దాని కోసం ఆగాడు. ఎంతసేపంటే ఏం చెప్పను? ఒక ఊపిరి పట్టేంతసేపు. ఆగాడు. తల్లి అక్కడ చలితో వణుకుతుంటే ఆగాడు ఆ మనిషి.

తర్వాత లాగాడు.

అవతలినుంచి ఎవరో లాగారు.

రెండు చేతులతో, పళ్లు బిగపట్టి, కాలు బల్లకి తన్నిపెట్టి డాక్ లోంచి తీగ పెరికేశాడు. పచ్చ దీపం ఆరిపోయింది. చెవుల్లో అంతా ఖాళీ. హెడ్‌ఫోన్ విసిరికొట్టి తెర లాగి లోపలికి పరిగెత్తాడు.

అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. తీగ కొస ఆవిడ దుప్పటి మీద, ఛాతీ దగ్గర పడి ఉంది. తాకితే చుర్రుమంది. అమ్మ చెయ్యి మాత్రం మంచుగడ్డ.

"అమ్మా! అమ్మా, లేవే! నా బంగారు తల్లివి కదూ, ఒక్కసారి కళ్లు తెరువమ్మా! నాకేం వద్దు, ఏ పిలుపూ వద్దు, నువ్వు లే!"

మోకాళ్ల మీద పడి ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి రుద్దాడు. ఊదాడు. తన ఛాతీకి అదుముకున్నాడు. ఏడ్చాడు.

అరచేతుల్లో జిల్లుమంది. చీమలు పాకినట్టు మోచేతుల దాకా తిమ్మిరి ఎక్కింది.

అమ్మ కళ్లు తెరిచింది.

"అమ్మా!" అన్నాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

అమ్మ అతని వైపు చూడలేదు. రెండో చెయ్యి మెల్లగా కదిలింది. గోటితో మంచం పట్టె మీద కొట్టింది.

టక్. టక్.

"ఏవండీ" అంది.

ఇన్నాళ్లూ వెతికిన పిలుపు. అదే గొంతు, అదే సాగదీత, అదే గారం. 

"ఏవండీ... ఆ ఫ్యాను ఆపండి."

తలెత్తి చూశాడు. కిటికీలోంచి వీధి వీధంతా చీకటిగా కనబడుతోంది, ఒక్క దీపం లేదు. పైన ఫ్యాను మాత్రం తిరుగుతోంది. నెమ్మదిగా, ఒక్కో రెక్కా లెక్కపెట్టేంత నెమ్మదిగా.

తిమ్మిరి భుజాలు దాటి గుండె దగ్గరికి వచ్చింది. చెయ్యి వదిలేయాలని అతనికి తెలుసు. అమ్మ నుదురు ఇప్పుడిప్పుడే వెచ్చబడుతోంది.

"ఇంకోసారి పిలువు" అన్నాడు కత్తెర. చెయ్యి వదల్లేదు.

పైన ఫ్యాను వేగం పెరిగింది.